పెత్రమాస నాడు హాన్లేలో

"పెత్రమాస నాడు ఇంట్ల లేకపోతె ఎట్ల బిడ్డా? పైగా ఆ రోజు సూర్యగ్రహణమట." టికెట్లు తీసుకున్న సంగతి చెప్పగానే అమ్మ అన్న మాట ఇది. ఆ గ్రహణం మన దేశంలో కనపడదని, అది పట్టేసరికి మనకు రాత్రి అవుతుందని చెప్పాను. పెత్రమాస సంగతి మాత్రం తేలిగ్గా చెప్పలేకపోయాను. ఆ రోజు నాన్న పేరు మీద బియ్యం ఇవ్వాలి, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ పేర్చాలి. నాకేమో ఆ అమావాస్య రాత్రే కావాలి. చంద్రుడు లేని రాత్రి లదాఖ్‌లోని హాన్లే ఊళ్లో ఉండాలన్నది నాన్న కోరిక. ఆయన పోయి మూడేళ్లయింది.

నాన్న హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్‌లో ఫిట్టర్. మా ఇల్లు కుషాయిగూడలో. రిటైరయ్యే ముందు ఏళ్లలో ఆయన పనిచేసింది ఒక పెద్ద టెలిస్కోపు ఇనుప చట్రం మీద. భాభా అణు పరిశోధన కేంద్రం కోసం తయారవుతున్న ఆ గామా కిరణాల టెలిస్కోపు పేరు మేస్. 21 మీటర్ల వెడల్పున్న పళ్లెం. మొదట దాన్ని ఇక్కడే, ఈసీఐఎల్ ప్రాంగణంలోనే నిలబెట్టి చూశారు. తర్వాత మళ్లీ ముక్కలుగా విప్పి, లారీలకెక్కించి ఆ హాన్లేకే పంపారు. "మన దగ్గర విప్పిన బోల్టులే అక్కడ బిగిస్తరు. ఒక్కసారి పోయి చూడాలె" అనేవారు. గుండె ఆపరేషన్ తర్వాత డాక్టర్లు అంత ఎత్తుకు ససేమిరా వద్దన్నారు. నేను ప్రభుత్వ పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. గామా కిరణాల గురించి చదివిన ప్రతిసారీ ఆ మాటే గుర్తొచ్చేది. 2024లో దసరా సెలవులు అక్టోబరు 2న మొదలయ్యాయి. ముందు నాలుగు రోజులు సెలవు పెట్టుకుని, తమ్ముణ్ని వెంటబెట్టుకుని బయల్దేరాను.

హాన్లే వెళ్లాలనుకునేవాళ్లు మొదట ఆలోచించాల్సింది కాగితాల గురించి కాదు, ఊపిరి గురించి. లేహ్ 3,500 మీటర్ల ఎత్తులో ఉంది, హాన్లే ఊరు సుమారు 4,250 మీటర్ల మీద. అక్కడ ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ మన హైదరాబాద్‌లో అందేదానికి మూడింట రెండొంతులు కూడా ఉండదు. మా ఫ్యామిలీ డాక్టరు ఇద్దరికీ బీపీ, ఈసీజీ చూసి, సల్ఫా మందులు పడవా అని అడిగి, ఎత్తుకు అలవాటు పడటానికి డయామాక్స్ మాత్రలు రాశారు. బయల్దేరే ముందు రోజు నుంచే మొదలుపెట్టమన్నారు. వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్ కరోనా నాటిది ఇంట్లోనే ఉంది. ఇంకో పని కూడా ఇంటి దగ్గరే చూసుకోవాలి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ములు లదాఖ్‌లో పనిచేయవు. తమ్ముడిది పోస్ట్‌పెయిడ్ కాబట్టి అమ్మతో మాట్లాడగలిగాం.

సెప్టెంబరు 28న ఢిల్లీ నుంచి పొద్దున్నే విమానం. లేహ్‌లో దిగగానే మెట్లెక్కితే ఆయాసం, మాట్లాడుతూ నడిస్తే ఆయాసం. మూడు రాత్రులు అక్కడే ఉన్నాం. మొదటి రెండు రోజులు తిన్నాం, పడుకున్నాం, నీళ్లు తాగాం, అంతే. తమ్ముడికి అది నచ్చలేదు. "ఇంత దూరం వచ్చి గదిలో పడుకోవడమేంటక్కా" అని మూడో రోజు శాంతి స్తూపం మెట్లెక్కి వచ్చాడు. అది చేయకుండా ఉండాల్సింది. దాని ఫలితం హాన్లేలో అనుభవించాం.

ఇక పర్మిట్. సరిహద్దుకు దగ్గరున్న ప్రాంతాలకు వెళ్లాలంటే ఆన్‌లైన్‌లో పేర్లు, ఆధార్ నంబర్లు, తేదీలు, వెళ్లే చోట్లు నింపాలి. పర్యావరణ రుసుము కింద మనిషికి 400 రూపాయలు, దాని మీద రెడ్‌క్రాస్‌కు, వన్యప్రాణి విభాగానికి ఇంకొంత కట్టాలి. అప్పుడు వచ్చే కాగితాన్నే అక్కడ అందరూ పర్మిట్ అంటారు. మనం స్వయంగా చేసుకోవచ్చు. మేము కారు మాట్లాడిన ఏజెంటుకు అప్పజెప్పాం. 30వ తేదీ రాత్రి భోజనం దగ్గర గెస్ట్‌హౌస్ యజమాని ఆ కాగితం చేతిలోకి తీసుకుని చూసి, "ఇందులో నుబ్రా ఉంది, పాంగాంగ్ ఉంది, హాన్లే ఏది?" అన్నాడు. మాకు గుండె ఆగినంత పనైంది. ఏజెంటు అందరికీ పెట్టే పేర్లే మాకూ పెట్టేశాడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ యజమానే తన కంప్యూటర్లో కూర్చుని, రాత్రి పది దాటాక హాన్లే, న్యోమా పేర్లతో కొత్త కాగితం తీయించి, ఆరు జిరాక్సులు చేతిలో పెట్టాడు. డబ్బు తీసుకోలేదు. కాబట్టి పర్మిట్ చేతికి రాగానే అందులో ఊళ్ల పేర్లు ఒక్కొక్కటీ చదువుకోండి. జిరాక్సులు ఎక్కువ పెట్టుకోండి, ప్రతి చెక్‌పోస్టులో ఒకటి ఇవ్వాలి. ఆధార్ మాత్రం ఒరిజినలే చూపాలి.

అక్టోబరు 1 పొద్దున ఆరున్నరకు బయల్దేరాం. ఉప్షీ దగ్గర మనాలీ రోడ్డు కుడివైపు చీలిపోతుంది, మనం సింధూ నది వెంటే వెళ్లాలి. చిన్నప్పుడు పాఠంలో చదివిన సింధు పక్కనే ఆకుపచ్చగా, చలిగా పారుతుంటే కిటికీ దించి చూస్తూ కూర్చున్నాను. చుమాథాంగ్‌లో నది ఒడ్డునే వేడినీటి బుగ్గలున్నాయి. అక్కడ మ్యాగీ, టీ. మాహే దాటాక లోయ వెడల్పయింది, కొండల మీద గడ్డిపోచ కూడా లేదు. న్యోమా దాకా రోడ్డు బాగుంది. అక్కడ అప్పట్లో వాయుసేన రన్‌వే పనులు జరుగుతుండేవి. "ఇక్కణ్నించి ఫోన్ బయటికి తీయొద్దు, వంతెనలు, క్యాంపులు ఫొటో తీస్తే ఫోన్ పోతుంది, నా బండి కూడా పోతుంది" అని డ్రైవర్ ముందే చెప్పాడు. అతణ్ని మేము అచో అని పిలిచేవాళ్లం, అన్నయ్య అని అర్థం.

లోమా వంతెన దగ్గర అసలు చెకింగ్. గాలి కోస్తోంది. దిగి వరసలో నిలబడ్డాం. కాగితం చూసే జవాను ఊరి పేరు చదివి "హైదరాబాద్ నుంచా? ఎందుకు?" అన్నాడు హిందీలో. నక్షత్రాలు చూడటానికి అన్నాను. అందరూ చెప్పేది అదేనేమో, తల ఊపాడు. తర్వాత ఎందుకో ఆగలేక, మా నాన్న ఆ పెద్ద టెలిస్కోపు మీద పనిచేశాడని కూడా చెప్పాను. అతను తలెత్తి నా వైపు చూశాడు. "వెళ్లండి. రాత్రి కారు లైట్లు కిందికి పెట్టుకోండి" అన్నాడు. 2020 జూన్ 15న గల్వాన్‌లో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు, ఆయనతో పాటు మరో 19 మంది ప్రాణాలిచ్చారు. గల్వాన్ అక్కడికి చాలా ఉత్తరాన ఉంది. అయినా ఆ చలిగాలిలో తుపాకీ పట్టుకు నిలబడ్డ కుర్రాళ్లను చూస్తుంటే ఆ పేరు గుర్తు రాకుండా ఉండదు. మా బడిలో పిల్లలు వాళ్ల కోసం మౌనం పాటించిన ఫొటోను తర్వాతి ఏళ్లలో కూడా నోటీసు బోర్డు మీదే ఉంచాం.

లోమా దాటాక కియాంగులు కనపడ్డాయి. అడవి గాడిదలంటారు గానీ, పరుగు చూస్తే గుర్రాలే. మా కారుతో సమానంగా కొంత దూరం పరిగెత్తి, ఒక్కసారిగా రోడ్డు దాటిపోయాయి. హాన్లే నది పరుచుకున్న చిత్తడి నేలల్లో రెండు నల్లమెడ కొంగలు. ఇక కొన్నాళ్లలో వెళ్లిపోతాయన్నాడు అచో. మధ్యాహ్నం మూడుంపావుకు కొండ మీద మఠం కనపడింది. 17వ శతాబ్దంలో లదాఖ్ రాజు సెంగే నామ్‌గ్యాల్ కాలంలో కట్టిన మఠం అది. ఆ రాజు పోయింది కూడా హాన్లేలోనే, 1642లో. దాని వెనక ఇంకో కొండ మీద తెల్లటి గుమ్మటం. వాటికి కింద, మైదానంలో, మేస్.

కారు ఆపమన్నాను. కంచె బయట నుంచే చూశాం, లోపలికి సందర్శకులకు అనుమతి లేదు. నేనేమో పాఠంలో గీసే బొమ్మలా ఉంటుందనుకున్నాను. దాని కింద నిలబడ్డ మనుషులు చీమల్లా ఉన్నారు. 180 టన్నుల బరువు, కింద గుండ్రటి పట్టాల మీద ఆరు చక్రాలతో మొత్తంగా తిరుగుతుంది. పళ్లెం నిండా 356 అద్దాల పలకలు. వాటి వెనక కనపడీ కనపడకుండా ఆ చట్రం, అడ్డంగా నిలువుగా ఇనుప గొట్టాలు, కలిపిన ప్రతి చోటా బోల్టులు. తమ్ముడు ఏమీ మాట్లాడలేదు. నేను చేతులు జోడించాను. ఎవరికి జోడించానో నాకూ తెలియదు.

అంతరిక్షం నుంచి వచ్చే గామా కిరణాలు నేల దాకా రావు. పైనే గాలిని ఢీకొని కణాల జల్లుగా మారతాయి. గాలిలో కాంతి ప్రయాణించే వేగాన్ని మించి ఆ కణాలు దూసుకొచ్చినప్పుడు సన్నటి నీలి మెరుపు పుడుతుంది. సెకనును వంద కోట్ల ముక్కలు చేస్తే అందులో కొన్ని ముక్కల సేపే ఉంటుంది. దాన్ని పట్టుకోవాలంటే పెద్ద పళ్లెం కావాలి, పొడిగాలి కావాలి, ఎత్తు కావాలి, అన్నిటికన్నా ముందు చీకటి కావాలి. ఆ చీకటి హాన్లేలో ఊరికే లేదు. ఊరివాళ్లు కాపాడితే ఉంది.

అది మాకు సాయంత్రం అర్థమైంది. మేము దిగిన ఇంటావిడను ఆచే-లే అని పిలిచాం, అక్కగారూ అన్నట్టు. గదిలోకి వెళ్లగానే ఆమె చూపించింది మంచమూ కాదు, బాత్రూమూ కాదు, కిటికీ పరదా. నల్లటి, మందమైన పరదా. "సూర్యుడు దిగగానే ఇది మూయాలి. లైటు వేసి తలుపు తీయొద్దు. ఫోన్ టార్చ్ వద్దు" అని మా ఇద్దరి టార్చ్‌లకు ఎర్ర కాగితం చుట్టి రబ్బరు బ్యాండు వేసింది. 2022 డిసెంబరులో అబ్జర్వేటరీ చుట్టూ 22 కిలోమీటర్ల మేర చీకటి ఆకాశపు రిజర్వ్‌గా ప్రకటించారు. చుట్టూ ఉన్న పల్లెల నుంచి 24 మందికి ఆకాశం చూపించడంలో శిక్షణ ఇచ్చారు, కొందరికి టెలిస్కోపులిచ్చారు. ఆచే-లే వాళ్లలో ఒకరు. ఆమె తల్లిదండ్రులు చాంగ్‌పాలు, పష్మీనా మేకలు కాస్తూ గుడారాలతో తిరిగినవాళ్లు. ఇప్పటికీ ఆమె అన్న మేకలు కాస్తాడు. "మా తాతలు శీతాకాలం మేపిన మైదానాలు కొన్ని ఉన్నాయి. ఇప్పుడు అటు పోనివ్వరు. మేకకేమో హద్దు తెలియదు" అంది, రొట్టెలు కాలుస్తూనే. గొంతులో కోపం లేదు. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. మనం రెండు రాత్రులుండి వచ్చే సరిహద్దులో వాళ్లు బతుకంతా ఉంటారు.

రాత్రి ఎనిమిదిన్నరకు డాబా మీదికెక్కాం. మైనస్‌లోకి దిగిన చలి. నాలుగు పొరల బట్టలున్నా వేళ్లు మొద్దుబారాయి. "ఇరవై నిమిషాలు ఏ వెలుగూ చూడకండి, మాట్లాడుకోండి" అంది ఆచే-లే. ఆ ఇరవై నిమిషాల్లో ఆకాశం మెల్లమెల్లగా నిండింది. నైరుతి వైపు పాలపుంత కొండ వెనక్కి దిగుతోంది. దాన్ని పుస్తకాల్లో తెల్లటి పట్టీ అని చదివాను. అక్కడ అది మబ్బులా ఉంది, మధ్యలో నల్లటి చీలికలున్నాయి. ఈశాన్యం వైపు ఆండ్రోమెడా గెలాక్సీ ఉత్త కంటికే మసక చుక్కలా కనపడింది. 25 లక్షల ఏళ్ల కిందట బయల్దేరిన వెలుగు. పాతికేళ్లుగా పిల్లలకు ఈ సంఖ్య బోర్డు మీద రాస్తున్నాను. ఆ రాత్రే మొదటిసారి ఆ చుక్కను నా కళ్లతో చూశాను. ఆమె టెలిస్కోపులో శనిగ్రహం చూపించింది. ఆ ఏడాది వలయం అంచు మనవైపు తిరిగి ఉండటంతో సన్నని గీతలా ఉంది, పూసలోంచి సూది గుచ్చినట్టు.

పది గంటలకు తమ్ముడికి తలనొప్పి మొదలైంది. కిందికి తెచ్చి ఆక్సీమీటర్ పెడితే 76. నాకు 84. వాంతి అయింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆచే-లే కంగారు పడలేదు. దగ్గు ఉందా, మాట తడబడుతోందా, గీత మీద నడిచినట్టు నడవగలడా అని ఒక్కొక్కటీ చూసింది. తర్వాత తల ఎత్తుగా పెట్టి పడుకోబెట్టి, గోరువెచ్చని నీళ్లు పట్టించింది. గంటలో తగ్గకపోతే సిలిండర్ ఉంది, అప్పటికీ తగ్గకపోతే రాత్రే కిందికి దించేస్తాం అని అచోను లేపి ఉంచింది. బుఖారీ పొయ్యిలో పిడకలు వేస్తూ అర్ధరాత్రి దాకా నాతో కూర్చుంది. పన్నెండున్నరకు 83 చూపించింది, నొప్పి తగ్గింది. మర్నాడు ఉమ్లింగ్ లా వెళ్లాలన్నది తమ్ముడి ఆశ. 19,024 అడుగుల ఎత్తున కారు రోడ్డున్న కనుమ అది. పొద్దున్నే వాడే వద్దన్నాడు. తలనొప్పి ఉండగా ఇంకా పైకి వెళ్లకూడదు, అంతే. లేహ్‌లో కదలకుండా ఉండమని ఎవరైనా చెబితే దయచేసి వినండి.

ఆ రాత్రి నేను నిద్రపోలేదు. నాలుగున్నరకు ఆచే-లే తలుపు తట్టింది. తూర్పున కొండ మీంచి పైకి లేచిన మసక వెలుగు, గోపురం ఆకారంలో. తెల్లవారుతోందనుకున్నాను. "ఇది పొద్దు కాదు" అంది. గ్రహాల మధ్య తిరిగే ధూళి మీద ఎండ పడి కనిపించే వెలుగట. పాఠంలో ఎక్కడో చదివి మరచిపోయింది. ఐదుంబావుకు ఆమె బైనాక్యులర్ ఇచ్చి కొండ అంచు చూపించింది. తోకచుక్క! ఆ నెలంతా పేపర్లలో వచ్చిన సుచిన్షాన్ అట్లాస్. తోక నిలువుగా పైకి లేచి ఉంది. పది నిమిషాల్లో వెలుగొచ్చి దాన్ని మింగేసింది.

అక్టోబరు 2. పెత్రమాస. ఇంటి నుంచి తెచ్చిన సోలెడు బియ్యం బ్యాగులో ఉన్నాయి. అమ్మే మూట కట్టి ఇచ్చింది, "ఆడ ఎవరికన్న మీ నాన్న పేరు మీద ఇయ్యి" అని. ఆచే-లేకు వచ్చీరాని హిందీలో చెప్పాను, పోయినవాళ్ల పేరు మీద ఇస్తాం, కాదనొద్దు అని. ఆమె రెండు చేతులతో తీసుకుంది. కాసేపు ఆలోచించి, "నా ఒక్కదానికి ఎందుకు, ఇవాళే వండుదాం, అందరం తిందాం" అంది. ఆ ఎత్తులో నీళ్లు 86 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. గిన్నెలో ఎంతసేపు పెట్టినా మెతుకు సరిగ్గా ఉడకదు. ప్రెషర్ కుక్కర్లో పెట్టి, విజిళ్లు లెక్కపెట్టకుండా వాసన చూసి దించింది. పప్పు, ముల్లంగి కూర. ఆమె, ఆమె అత్తగారు, అచో, మేమిద్దరం. వంటింట్లో నేల మీద కూర్చుని తిన్నాం. మొదటి ముద్ద ఆమె తీసి కిటికీ బయట రాతి మీద పెట్టింది. నేను చెప్పలేదు ఆ పని చేయమని.

మధ్యాహ్నం కొండ మీది చంద్రా టెలిస్కోపు దగ్గరికి కారులోనే నెమ్మదిగా వెళ్లాం. 4,500 మీటర్లు. రెండు మీటర్ల అద్దమున్న ఆ టెలిస్కోపును బెంగళూరు దగ్గర హోసకోటె నుంచి ఉపగ్రహం ద్వారా నడిపిస్తారు. దాన్ని నడిపే సంస్థను నిలబెట్టిన వైను బప్పు హైదరాబాద్‌లో పెరిగి, నిజాం కాలేజీలో చదివినవాడే. తమ్ముడు కారు దిగలేదు. నేను ఐదు నిమిషాలు నిలబడి కిందికి చూశాను. అక్కణ్నుంచి మేస్ కొబ్బరి చిప్పంత ఉంది. దాని దగ్గర బళ్లు తిరుగుతున్నాయి, ఏదో హడావుడి కనపడింది. కారణం ఇంటికొచ్చాక పేపర్లో తెలిసింది. మేము వచ్చేసిన మర్నాడే, 4వ తేదీన, దాన్ని లాంఛనంగా ప్రారంభించారు.

ఆ సాయంత్రం సిగ్నల్ దొరికాక తమ్ముడి ఫోన్ నుంచి అమ్మకు వీడియో కాల్ చేశాను. వాకిట్లో తంగేడు, గునుగు పరిచి బతుకమ్మ పేరుస్తోంది. వెనక కాలనీ ఆడవాళ్ల మాటలు. బియ్యం సంగతి, అందరం తిన్న సంగతి చెప్పాను. టెలిస్కోపు ఎంతుందో చేతులు చాపి చూపించాను. అమ్మ పూలు పక్కన పెట్టి ఫోన్ దగ్గరికి తీసుకుంది.

"అండ్ల మీ నాన్న చేసింది ఏ ముక్క?"

"దూరం నుంచి చూసినమమ్మా, తెల్వలేదు" అన్నాను.

"మంచిగ నిలవడ్డదా?"

"నిలవడ్డది."

సరే, పరదా వేసుకో, అక్కడ లైటు కనపడొద్దన్నవు కదా అంది అమ్మ. అప్పటికే కొండల మీద ఎండ పోయింది.